పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్‌గా చేరాలనుకుంటున్నాను: చేరే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: గోదాము మనిషి

నమస్కారం. నేను నాలుగేళ్ళుగా ఒక సరుకుల గోదాములో పనిచేస్తున్నాను. నెలకొకసారి మా దగ్గరకు వచ్చే పెస్ట్ కంట్రోల్ టెక్నీషియన్ పనితీరు చూశాక నాకు ఆ వృత్తి మీద ఆసక్తి కలిగింది. ఆయన వచ్చిన ప్రతిసారీ గంటకు పైగా గోడల వెంట, సంచుల బస్తాల వెనుక టార్చిలైటు వేసి వెతుకుతారు. ఎలుకల ఎరపెట్టెలను ఒక్కొక్కటిగా తెరిచి చూసి, ఏదో రాసుకుని, పది నిమిషాలు కూడా మందు కొట్టకుండానే వెళ్ళిపోతారు. ‘ఈయనకు డబ్బులు ఎందుకిస్తున్నాం’ అని మా మేనేజరు విసుక్కుంటారు గానీ, ఏడాది కాలంగా ఎలుకలు కొట్టిన సంచి ఒక్కటి కూడా లెక్కలోకి రాలేదన్న సంగతి నాకు తెలుసు.

ఇప్పుడు రెండు సంస్థలు నన్ను సహాయకుడిగా తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాయి. నాకు 27 ఏళ్ళు. రసాయన శాస్త్రం గానీ జీవశాస్త్రం గానీ నేను బడి దాటి చదవలేదు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, ఇప్పుడు పెద్దగా ఇబ్బంది లేదు. రోజూ విషంతో పని అంటే మా అమ్మ అసలు ఒప్పుకోవడం లేదు. చదువు లేకపోవడం ఈ వృత్తిలో అడ్డంకి అవుతుందా, ఆరోగ్యం గురించిన భయంలో నిజం ఎంత, రెండు సంస్థలలో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి అన్నవి నా సందేహాలు. ఈ పనిలో ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: టార్చిలైటు

నేను ఈ పనిలో చేరి 14 ఏళ్ళయింది. మీరు చూసిన టెక్నీషియన్ ఎవరో గానీ, ఆయన తన పనిని సరిగ్గానే చేస్తున్నారు. కొత్తగా వచ్చేవారిలో ఎక్కువమంది ఈ వృత్తిని మందు కొట్టే వృత్తి అనుకుంటారు. వాస్తవానికి ఏ పురుగు, ఎక్కడి నుంచి వస్తోంది, అక్కడ దానికి దొరుకుతున్న తిండీ నీరూ గూడూ ఏమిటి అన్నది కనిపెట్టడంలోనే సగానికి మించిన పని ఉంటుంది. అది తేలాక మందు ఎంత కావాలో, అసలు కావాలో వద్దో కూడా తేలుతుంది.

నా మొదటి ఏడాదిలో జరిగినది చెబుతాను. ఒక భవనంలో చాలా చిన్న పసుపు రంగు చీమలు వంటగది గట్టు మీద బారులు తీరి ఉన్నాయి. నేను వాటి పేరు కూడా తెలుసుకోకుండా బారు పొడవునా స్ప్రే చేసి, పది నిమిషాల్లో పని ముగించి, ఇంటివారి మెప్పు కూడా పొంది వచ్చాను. మూడు వారాలు తిరిగేసరికి అవే చీమలు పడకగదిలోను, స్నానాలగదిలోను, పై అంతస్తులోను కనిపించాయి. అవి ఫారో చీమలు. ఒక్కో గూటిలో అనేక రాణులు ఉంటాయి కాబట్టి, చికాకు పెట్టే మందు తగలగానే గూడు ముక్కలై, ప్రతి ముక్కా వేరే చోట కొత్త కాపురం పెట్టుకుంటుంది. వాటికి స్ప్రే పనికిరాదు, నిదానంగా పనిచేసే ఎర పెట్టి, ఆ ఎరను అవే గూటికి మోసుకుపోయేదాకా ఓపిక పట్టాలి. నేను చంపిన చీమలకంటే పుట్టించిన గూళ్ళే ఎక్కువ అని మా పెద్దాయన నన్ను చాలాకాలం ఎద్దేవా చేశారు.

బొద్దింకల విషయం కూడా ఇంతే. ఇళ్ళలోను వంటశాలల్లోను ఎక్కువగా ఇబ్బంది పెట్టే చిన్న జర్మన్ బొద్దింకలో ఆడది తన గుడ్ల తిత్తిని, అందులోని పిల్లలు బయటపడే సమయం దగ్గరపడే దాకా, తన ఒంటికే అంటిపెట్టుకుని తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 దాకా గుడ్లుంటాయి. ఈ రోజు కంటికి కనిపించిన బొద్దింకలన్నీ చచ్చినా, పగుళ్ళలో తిత్తులతో దాగిన ఒకటి రెండు ఆడవి చాలు, కొన్ని వారాల్లో కథ మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే మేము విషం కలిపిన ఎర జెల్‌ను చిన్న చిన్న చుక్కలుగా అలమర తలుపుల కీళ్ళ దగ్గర, ఫ్రిజ్ మోటారు వెనుక, సింకు కింద పెడతాం. దాన్ని తిన్న బొద్దింక విసర్జించిన మలాన్ని పిల్లలు తింటాయి, కాబట్టి విషం గూడు లోపలి దాకా చేరుతుంది. ఆ జెల్ మీదే మరొకరు వచ్చి పైరెత్రాయిడ్ (పురుగులను చికాకుపెట్టి తరిమే రకం మందు) స్ప్రే కొడితే బొద్దింకలు ఎర జోలికి రావు, చేసిన పనంతా బూడిదలో పోసినట్టే. ఒకే ఇంటికి ఇద్దరు మనుషులు రెండు పద్ధతులతో వెళ్ళినప్పుడు ఇది తరచుగా జరుగుతుంది.

చదువు గురించి మీరు బెంగ పెట్టుకోనవసరం లేదు. లేబుల్‌ను ఆసాంతం చదివి అర్థం చేసుకోగలగడం, చూసినది చూసినట్టు రాయగలగడం, చిన్న లెక్కలు తప్పు లేకుండా చేయగలగడం ఉంటే చాలు. మిగిలినది పురుగులే నేర్పుతాయి. చాలా దేశాల్లో సొంతంగా మందు వాడే ముందు శిక్షణ పొంది, పరీక్ష రాసి, లైసెన్సు తీసుకోవాలి. సహాయకుడిగా ఉన్నంతకాలం లైసెన్సు ఉన్నవారి పర్యవేక్షణలోనే పనిచేయాలి.

మీకు ఇప్పటికే ఒక బలం ఉంది, దాన్ని మీరు గుర్తించినట్టు లేదు. గోదాములో నాలుగేళ్ళు ఉన్న మనిషికి సరుకు ఎలా వస్తుందో, ఏది వెనక్కి నెట్టబడి నెలల తరబడి కదలకుండా ఉంటుందో తెలుస్తుంది. నిల్వ ధాన్యంలో ముక్కుపురుగు పిల్ల గింజ లోపలే పెరుగుతుంది కాబట్టి బయట కొట్టిన మందు దానికి తగలదు. పిండిపురుగు అలా కాదు, గట్టి గింజను తొలవలేక నూకలను, పిండిని ఆశ్రయిస్తుంది. మూలల్లో ఒలికిన పిండిని ఊడ్చడమే దానికి సగం మందు. ఈ తేడా తెలిసిన టెక్నీషియన్లకు ఆహార పరిశ్రమల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది.

జవాబు: రక్షణ మాస్టారు

నేను కొత్త టెక్నీషియన్లకు భద్రత గురించి పాఠాలు చెబుతాను. టార్చిలైటు గారు ఆరోగ్యం సంగతి వదిలేశారు కాబట్టి ఆ ఒక్కటీ నేను చెబుతాను.

మీ అమ్మగారి భయం అర్థం లేనిది కాదు, అయితే అది తప్పు చోట ఉంది. పీల్చడం వల్లే విషం ఎక్కుతుందని అందరూ అనుకుంటారు గానీ, ఈ పనిలో మందు శరీరంలోకి చేరే ముఖ్యమైన దారి చర్మం. అందులోనూ అత్యంత ప్రమాదకరమైన క్షణం స్ప్రే చేస్తున్నప్పుడు కాదు, సీసా మూత తీసి గాఢమైన మందును కొలిచి నీళ్ళలో కలుపుతున్నప్పుడు. స్ప్రేయరులో ఉన్నది చాలా పలచబడిన ద్రావణం, సీసాలో ఉన్నది దానికి పదుల రెట్లు, ఒక్కోసారి వందల రెట్లు గాఢమైనది. అందువల్ల కలిపేటప్పుడు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి. తోలు గ్లౌజులు, లోపల నూలు గుడ్డ ఉన్న గ్లౌజులు మందును పీల్చుకుని చర్మానికి గంటల తరబడి అంటిపెట్టి ఉంచుతాయి కాబట్టి అవి అసలు గ్లౌజులే లేకపోవడం కంటే హానికరం. గ్లౌజులను తీయకముందే పైపైన కడగాలి, ఆ తరువాతే విప్పాలి. పని బట్టలను ఇంట్లోవాళ్ళ బట్టలతో కలిపి ఉతకకూడదు.

మాస్కు విషయంలో చాలామంది మోసపోతారు. దుమ్ము ఆపే పలచటి మాస్కు ఆవిరిని ఆపదు. లేబుల్ కోరినచోట ఆవిరిని పట్టే కార్ట్రిడ్జి ఉన్న శ్వాసకవచమే వాడాలి. అది ముఖానికి గాలి చొరబడకుండా అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. మీకు చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదన్నారు, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. శ్వాసకవచం పెట్టుకుంటే ఊపిరి తీయడానికే అదనపు శ్రమ అవుతుంది. పైగా బొద్దింకల మలం, రాలిన పొట్టు ఉబ్బసాన్ని రేపుతాయని బాగా తెలిసిన సంగతే, మీరు వెళ్ళే ఇళ్ళలో అవి పుష్కలంగా ఉంటాయి. చేరకముందే వైద్యుడి దగ్గరకు వెళ్ళి, చేయబోయే పని ఇదీ అని చెప్పి, ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. ఆర్గనోఫాస్ఫేటు మందులు (నరాల మీద పనిచేసే ఒక రకం పురుగుమందులు) వాడే సంస్థ అయితే, పని మొదలుపెట్టకముందే రక్తంలో ఆ మందులు దెబ్బతీసే కోలినెస్టరేజు అనే ఎంజైము స్థాయి కొలిపించి ఉంచుకోవడం మంచిది. తరువాత ఎప్పుడైనా అది తగ్గిందో లేదో చెప్పాలంటే మొదటి కొలత ఉండాలి కదా.

విషం ఒక్కటే ప్రమాదం కాదు. ఎలుక పెంటికలను పొడిగా ఉన్నప్పుడు చీపురుతో ఊడిస్తే ఆ ధూళితో హాంటా వైరస్ వంటివి ఊపిరిలోకి వెళ్ళే అవకాశం ఉంది. ముందు క్రిమిసంహారక ద్రావణంతో తడిపి, ఆ తరువాత తుడిచి ఎత్తాలి. అటకల మీద విద్యుత్ తీగలు, జారే నిచ్చెనలు నా శిష్యులను మందులకంటే ఎక్కువగా ఆసుపత్రి పాలు చేశాయి.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా కాదనండి. అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్ళలను శిక్షణ లేనివారి చేతికి ఇచ్చి పొగబెట్టమంటే వెంటనే బయటికి వచ్చేయండి. ఆ బిళ్ళలు గాలిలోని తేమ తగిలితేనే ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తాయి. ఆ వాయువుకు విరుగుడు మందు లేదు, సన్నటి సందుల గుండా పక్క గదిలో నిద్రపోతున్నవారి దాకా అది చేరగలదు. అది వేరే లైసెన్సు, వేరే పరికరాలు, వేరే శిక్షణ అవసరమైన పని.

జవాబు: రెండేళ్ళకే మానేసినవాడు

పై ఇద్దరూ చెప్పినది నిజమే గానీ, వారు మంచి చోట్ల పనిచేసినవారని తెలిసిపోతోంది. నేను పనిచేసిన సంస్థలో రోజుకు పన్నెండు ఇళ్ళు చూడాలి. పన్నెండు ఇళ్ళలో టార్చిలైటు వేసి గంటసేపు వెతకడం ఎవరి తరమూ కాదు కాబట్టి, గోడ అంచుల వెంట గబగబా స్ప్రే కొట్టి, సంతకం పెట్టించుకుని పరుగెత్తేవాళ్ళం. చెదలు లేని ఇంట్లో కూడా చెదల మందు అంటగట్టాలని నెలవారీ లక్ష్యం ఉండేది. రెక్కల చీమలను చూపించి, ఉసిళ్ళు (రెక్కలొచ్చిన చెదలు) పట్టాయని ఇంటివారిని భయపెట్టమని మా పై అధికారి నాకు స్వయంగా నేర్పారు. నిజానికి ఆ రెంటినీ పోల్చుకోవడం కష్టం కాదు. ఉసిలికి నాలుగు రెక్కలూ సమానంగా ఉంటాయి, నడుము మందంగా ఉంటుంది, మీసాలు పూసల దండలా నిటారుగా ఉంటాయి. చీమకు ముందు రెక్కలు పెద్దవి, నడుము సన్నం, మీసాలు మోచేతిలా వంగి ఉంటాయి. తేడా తెలిసి కూడా అబద్ధం చెప్పవలసి రావడమే నేను మానేయడానికి అసలు కారణం.

శరీరం సంగతి కూడా తెలుసుకోండి. రోజంతా సింకుల కింద మోకాళ్ళ మీద పాకడం, వేడెక్కిన అటకల మీద పూర్తి దుస్తులతో గంటల తరబడి ఉండటం, తినుబండారాల దుకాణాలు మూతపడ్డాక అర్ధరాత్రి పనికి వెళ్ళడం ఇందులో మామూలే. కాబట్టి సంస్థను ఎంచుకునేటప్పుడు జీతం కంటే ముందు ‘ఒక టెక్నీషియన్ రోజుకు ఎన్ని చోట్లకు వెళతాడు, అమ్మకాల లక్ష్యం ఉందా’ అని అడగండి. జవాబు చెప్పకుండా మాట దాటవేస్తే అదే జవాబు అనుకోవచ్చు.

జవాబు: టార్చిలైటు

రెండేళ్ళకే మానేసినవాడు గారి మాట కాదనను. అలాంటి సంస్థలు ఉన్నాయి, వాటిలో రెండేళ్ళు చేసినవారికి మళ్ళీ మొదటి నుంచి నేర్పడం మాకు కొత్తవారికి నేర్పడం కంటే కష్టం. ఆయన చెప్పిన రెండు ప్రశ్నలకు నేను ఒకటి కలుపుతాను: మందులు నిల్వ ఉంచే గది చూపించమని అడగండి. ప్రతి సీసాకూ అసలు లేబుల్ ఉందా, గదికి తాళం ఉందా, కళ్ళు కడుక్కోవడానికి నీటి ఏర్పాటు ఉందా అన్నవి చూస్తే ఆ సంస్థ సంగతి చాలావరకు తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: గోదాము మనిషి

అందరికీ ధన్యవాదాలు. వైద్యుడి దగ్గరకు వెళ్ళి వచ్చాను, ఊపిరి పరీక్షలో ఇబ్బంది లేదన్నారు. ఒక చిన్న సందేహం మిగిలింది, అడగడానికి సిగ్గుగా ఉన్నా అడుగుతున్నాను. మందు కలిపే లెక్క నాకు అర్థం కాలేదు. సీసా మీద ఒక శాతం ఉంటుంది, వాడవలసిన ద్రావణం మరో శాతం అంటారు. దీన్ని ఎలా లెక్కకట్టాలి?

జవాబు: రక్షణ మాస్టారు

ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అడగకుండా అందాజుగా పోసేవారే సిగ్గుపడాలి. సీసాలోని మందు 2.5 శాతం అనుకుందాం, మీకు 0.05 శాతం ద్రావణం 10 లీటర్లు కావాలనుకుందాం. కావలసిన శాతాన్ని కావలసిన పరిమాణంతో గుణించి, సీసాలోని శాతంతో భాగించాలి. 10 లీటర్లంటే 10,000 మిల్లీలీటర్లు. దాన్ని 0.05తో గుణిస్తే 500 వస్తుంది, 2.5తో భాగిస్తే 200. అంటే 200 మిల్లీలీటర్ల మందుకు నీళ్ళు కలిపి మొత్తం 10 లీటర్లు చేయాలి. ముందు సగం నీళ్ళు పోసి, తరువాత మందు పోసి, మిగిలిన నీళ్ళతో నింపితే చిందడం, నురగ రావడం తగ్గుతాయి. చాలా లేబుళ్ళ మీద లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లో నేరుగా రాసి ఉంటుంది, అప్పుడు ఈ లెక్కతో పనే లేదు. లేబుల్ చెప్పిన దానికంటే కాస్త ఎక్కువ పోస్తే బాగా చస్తాయన్న మాట మీకు మొదటి వారంలోనే వినిపిస్తుంది. అది చట్టరీత్యా తప్పు కావడమే కాక, గాఢత పెరిగితే కొన్ని మందులకు పురుగు దూరంగా పారిపోయి అసలు మందు మీదకే రాదు.

ఇంకొకటి, కావలసినంతే కలపండి. మిగిలిన ద్రావణాన్ని కాలువలో పారబోయడానికి వీల్లేదు. పైరెత్రాయిడ్లు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. ఇంట్లో చేపల తొట్టి ఉంటే దాన్ని కప్పి, గాలి పంపును ఆపించిన తరువాతే పని మొదలుపెట్టాలి, లేకపోతే ఆ పంపే గదిలోని మందును నీళ్ళలోకి లాగుతుంది.

ప్రశ్న అడిగినవారు: గోదాము మనిషి

నిన్న రెండు సంస్థలకూ వెళ్ళి వచ్చాను. మొదటిచోట మందుల గది చూపించమంటే కాస్త తటపటాయించి చూపించారు. అరమారలో మంచినీళ్ళ సీసాలో లేత పసుపు రంగు ద్రవం ఉంది, దాని మీద ఏ చీటీ లేదు. ఇదేమిటని అడిగితే ‘మా కుర్రాళ్ళందరికీ తెలుసులే’ అన్నారు. రోజుకు ఎన్ని ఇళ్ళు అన్న ప్రశ్నకు ‘అది నీ చురుకును బట్టి’ అన్నారు. జీతం అక్కడే ఎక్కువ, అయినా వద్దని చెప్పి వచ్చాను.

రెండోచోట గదికి తాళం ఉంది, లోపల ప్రతి సీసా వివరం పుస్తకంలో రాసి ఉంది. రోజుకు ఐదారు చోట్లకు మించి పంపబోమన్నారు. చేరే ముందు ఒక రోజు వారి సీనియర్ టెక్నీషియన్ వెంట ఊరికే తిరిగి చూడమన్నారు, ఆ రోజు ఏ మందునూ ముట్టుకోనివ్వరట. సోమవారం వెళుతున్నాను. వెంట ఏమైనా తీసుకెళ్ళాలా?

జవాబు: టార్చిలైటు

సొంత టార్చిలైటు ఒకటి, మోకాళ్ళకు కట్టుకునే మెత్తలు, చిన్న అద్దం, ఒక నోటుపుస్తకం తీసుకెళ్ళండి. గోడకూ అలమరకూ మధ్య తల పట్టనిచోట అద్దమే మీ కన్ను. ఎలుకల పని ఉన్న చోటికి వెళితే ఆ సీనియర్‌ను రంధ్రాలు చూపించమని అడగండి. చిట్టెలుక దూరడానికి 6 మిల్లీమీటర్ల సందు, అంటే పెన్సిలు పట్టేంత చాలు. దాన్ని కంటితో కొలవడం ఒక్క రోజులో రాదు గానీ, మొదటి రోజునే మొదలుపెట్టవచ్చు. కొత్త ఎరపెట్టెను ఎలుక మొదటి కొన్ని రోజులు ముట్టకపోతే ఆశ్చర్యపోకండి, దాన్ని అక్కడి నుంచి కదపమని కూడా అనకండి. పెద్ద ఎలుకలకు కొత్త వస్తువంటే అనుమానం. చిట్టెలుకలు అలా కాదు, కొత్తది కనిపిస్తే ముందు దాన్నే చూడాలనుకుంటాయి. పెట్టె దగ్గర కనిపించిన పెంటికల పరిమాణం రాసుకోండి, ఏది వచ్చి వెళ్ళిందో సాయంత్రం ఆయనతో సరిచూసుకోవచ్చు.